ఆయన పేరు మీద వచ్చే పొద్దుటి మెయిల్

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను కోపిష్ఠిదాన్నని మా డెయిరీలో పేరుండేది. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. కంప్యూటర్ సెక్షన్‌కు సూపరింటెండెంటుగా కూర్చున్న ఆడమనిషి మెత్తగా మాట్లాడితే ప్రింటరు కూడా లెక్కచేయదు. రిటైరయ్యాక కోప్పడటానికి ఇంట్లో ఎవరూ చిక్కడం లేదు కాబట్టి రాయడం మొదలుపెట్టాను.

కొత్తగా కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు ఈ మధ్య కలిసి, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏంది?" అని అడిగారు. ఏదో సాఫ్ట్‌వేర్ పేరు చెబుతానని వాళ్ల ఆశ. నేను చేసిన పెద్ద పని రోజూ పొద్దున వచ్చే ఒక మెయిల్‌ను ఆపడం. ఆపినందుకు మెమో కూడా అందుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. అయినా చెబుతాను, ఎందుకంటే అలాంటి పని మీకూ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

మాది పాల సంఘం. పేరు అక్కర్లేదు. ధర్మసాగర్ వైపు నుంచి, హసన్‌పర్తి వైపు నుంచి, ఇంకా చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే క్యాన్లలో పాలు వచ్చేవి. ఏ ఊరి నుంచి ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎక్కడ పాలు విరిగాయి అనే వివరాలన్నీ ఒకప్పుడు ఫోన్లలో అరిచి తెలుసుకునేవాళ్లం. తర్వాత బిజినెస్ ఇంటెలిజెన్స్ అనే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నారు. పేరు గంభీరంగా ఉంది గానీ, అంకెలను రంగురంగుల బొమ్మలుగా చూపించడమే దాని పని. ఆ బొమ్మల తెరను డాష్‌బోర్డు అనేవాళ్లం. పెద్దసార్లకు అంకెలకంటే బొమ్మలు బాగా అర్థమవుతాయి.

దాన్ని నడిపే మనిషి మా సెక్షన్లోనే ఉండేవాడు. కాజీపేటలో ఇల్లు. వాళ్ల నాయన రైల్వేలో పనిచేసి పోయాడు. నాకంటే బాగా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. సెక్షన్లో నేను తిట్టినా నవ్వేది ఆయనొక్కడే. అందుకని ఆయన్నే ఎక్కువ తిట్టేదాన్ని.

పొదుపు పేరుతో మా వాళ్లు ఒక్కటంటే ఒక్క లైసెన్సు కొన్నారు. అది ఆయన పేరు మీద తీసుకున్నారు. అందరం ఆయన లాగిన్‌తోనే పనిచేసేవాళ్లం. డాష్‌బోర్డులకు యజమాని ఆయనే, వాటిని ఎవరు చూడాలో తేల్చే అడ్మిన్ కూడా ఆయనే. పాస్‌వర్డు డెయిరీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ఏదైనా తేడా వస్తే ఒక రహస్య నంబరు వచ్చేది మాత్రం ఆయన ఫోనుకే. దాని గురించి అప్పట్లో ఎవరం ఆలోచించలేదు.

పొద్దున్నే ఆయన బండి మీద వచ్చి, హెల్మెట్ బల్ల మీద పెట్టి, డాష్‌బోర్డును తాజా చేసి, ఆ బొమ్మను అధికారులందరికీ మెయిల్ చేసేవాడు. ఇంట్లో ఆయన భార్యకు భయం. కాజీపేట నుంచి వచ్చే దారిలో పొద్దున లారీలు ఎక్కువ. చేరగానే ఫోన్ చేయమని ప్రాణం తీసేది. ఈయనేమో మరిచిపోయేవాడు. చివరికి ఉపాయం కనిపెట్టి, ఆ మెయిల్ వెళ్లే జాబితాలో ఆమెను కూడా చేర్చాడు. ఫోన్ మీద భర్త పేరు పడితే ఆయన ఆఫీసుకు చేరినట్టు లెక్క. పాల వివరాలు ఆమె ఏనాడూ తెరిచి చూడలేదు.

కొన్నేళ్లు అలా నడిచాక ఆయన వెబ్ ఏపీఐ నేర్చుకున్నాడు. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం తలుపు తట్టి పని చెప్పే దారి అది. తట్టింది ఎవరో తెలియడానికి టోకెన్ చూపించాలి. టోకెన్ ఎవరి పేరు మీదుంటే పని వాళ్లు చేసినట్టే. ఆయన తన పేరు మీదే టోకెన్ తీసి చిన్న ప్రోగ్రాం రాశాడు. ఇక మనిషి లేకపోయినా అది తనంతట తానే డాష్‌బోర్డును తాజా చేసి, ఆయన పేరుతో మెయిల్ పంపేస్తుంది. రోజూ తాను ఆఫీసులో కూర్చునే వేళకే అది నడిచేలా పెట్టాడు.

"అక్కా, ఇగ నేను కూసోకున్నా అదే పంపుతది" అన్నాడు సంబరంగా.

"మరి ఇంట్ల చెప్పినవా, పంపేది నువ్వు కాదని?"

"ఎందుకక్కా? పేరు కనవడితే ఆమె నిమ్మలంగ ఉంటది. ఆ యాళ్లకు నేను ఎట్లైనా చేరే ఉంట గదా."

"జర చెప్పు. ఆడోళ్లను గట్ల మోసం చెయ్యద్దు."

"చెప్తగనీ అక్కా" అన్నాడు. చెప్పలేదు.

ఒక పొద్దున నేను ఆఫీసుకు వచ్చేసరికి మెయిల్ వచ్చి ఉంది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. చాయ్‌కి పోయి ఉంటాడని తిట్టుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. దారిలో ఛాతీలో నొప్పి వచ్చి బండి పక్కకు ఆపాడట, అలాగే కూలబడ్డాడట. ఎవరో ఆటోలో వేసుకుని తీసుకుపోయారు. మేము వెళ్లేసరికే అయిపోయింది.

మరునాడు పొద్దున వాళ్లింటి ముందు నిలబడి ఉన్నాం. డెయిరీ వాళ్లందరం అక్కడే ఉన్నాం. దహనానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఉన్నట్టుండి నా సంచిలో ఫోన్ మోగింది. పక్కన జనరల్ మేనేజర్ గారి జేబులో, అటు స్టోర్స్ ఆయన జేబులో కూడా వెంట వెంటనే మోగాయి. లోపల ఆమె పక్కనున్న ఫోన్ కూడా మోగింది. చూస్తే అందరి తెరల మీద ఆయన పేరే ఉంది. ఆ వాకిట్లో ఎవరమూ ఎవరి మొహం చూడలేకపోయాం.

ఆమె నన్ను లోపలికి పిలిచింది. భర్త అక్కా అంటాడు కాబట్టి నన్ను వదినె అనేది.

"వదినె, ఇది ఎవరు పంపుతాండ్రు?"

నాకు చెప్పక తప్పలేదు. అది మిషన్ పంపుతుందని, ఆయనే అలా పెట్టాడని చెప్పాను.

"అంటే నిన్న గూడ మిషనే పంపిందా?"

"నిన్న గూడ అంతేనమ్మా."

"నేను ఆ పేరు చూసి, చేరిండనుకొని, నిమ్మలంగ బియ్యం కడుక్కుంట కూసున్న వదినె" అంది. ఆ తర్వాత ఏడవలేదు. గోడకు ఆనుకుని ఫోన్ వంక చూస్తూ ఉండిపోయింది. నాకు మాత్రం బయటికొచ్చాక కళ్లు ఆగలేదు.

ఆయన పోయాక కూడా మెయిల్ రోజూ వస్తూనే ఉంది. మొదట్లో అందరికీ ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది. పని ఆగనంతవరకు ఆఫీసుకు మనిషి ఉన్నాడా లేడా అనే పట్టింపు ఉండదు.

ఆ ఇంటికి ఆయన జీతమే ఆధారం. కూతురు డిగ్రీ అప్పుడే పూర్తి చేసింది. సర్వీసులో చనిపోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఇచ్చే పద్ధతి మా సంఘంలో ఉంది. ఏడాదిలోపు కాగితాలన్నీ అందాలి, దాటితే దరఖాస్తు చెల్లదు. ఆ కాగితాల్లో బాకీలేవీ లేవని అన్ని సెక్షన్ల నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్లు ఉండాలి. స్టోర్స్ వాళ్లు ఇచ్చారు, లైబ్రరీ వాళ్లు ఇచ్చారు. ఆగింది నా సెక్షన్ దగ్గర. ఈ ఉద్యోగి పేరు మీద ఇక్కడ ఏ లాగిన్ కూడా నడవడం లేదని నేను సంతకం చేయాలి. నడుస్తున్నదని రోజూ పొద్దున డెయిరీ మొత్తానికి మెయిల్ వస్తుంటే ఏ చేత్తో చేయను?

లాగిన్ మూసేస్తే టోకెన్ చస్తుంది, టోకెన్ చస్తే డాష్‌బోర్డు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. జనరల్ మేనేజర్ గారు చెడ్డవారు కాదు, భయస్తులు.

"మేడం, నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తారు? వచ్చే నెల తనిఖీకి వస్తారు, అప్పుడు తెర ఖాళీగా ఉంటే నేనేం చెప్పాలి? అది కానివ్వండి, తర్వాత చూద్దాం."

"ఆ పిల్లకు టైం అయిపోతాంది సార్."

"చూద్దాం అన్నాను కదా."

తనిఖీ వాయిదా పడింది. మళ్లీ తేదీ ఇచ్చారు, మళ్లీ వాయిదా పడింది. కూతురు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా నా గది బయట బల్ల మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. అడిగితే కోప్పడి పంపించే వీలుండేది నాకు. అడగకుండా కూర్చుంటే ఏం చేయను?

సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాశాను, యజమానిని మార్చమని. అడ్మినే స్వయంగా అడగాలని జవాబు వచ్చింది. అడ్మిన్ చనిపోయారని రాశాను. మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నామని, దయచేసి ఆయన చేతనే ఈ అభ్యర్థన పంపించమని మళ్లీ జవాబు. ఆ ఉత్తరానికి నవ్వాలో ఏడవాలో తెలియక ప్రింటు తీసి సొరుగులో పడేశాను.

ఇక నేనే నేర్చుకోవాలని కూర్చున్నాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ వయసులో ఏపీఐ పుస్తకం ముందేసుకుని ఒక్కొక్క వాక్యం చదివాను. ఆయన రాసిన ప్రోగ్రాం తెరిచాను. శుభ్రంగా రాశాడు, తిట్టడానికి సందు లేదు. మెయిల్ ఎవరెవరికి వెళ్లాలో ఆ జాబితా చివర్లో ఉంది. అందులో మొట్టమొదటి చిరునామా భార్యది. జనరల్ మేనేజర్ గారిది దాని కింద ఉంది.

దారి దొరికింది. మనుషులతో సంబంధం లేకుండా డెయిరీ పేరు మీదే ఒక ఖాతా తెరిచి, డాష్‌బోర్డులన్నీ, అడ్మిన్ హక్కూ దానికి అప్పగించి, దాని పేరు మీద కొత్త టోకెన్ తీసుకుంటే చాలు. అలాంటి ఖాతాకు వేరే లైసెన్సు అక్కర్లేదు. అప్పుడు ఆయన లాగిన్ మూసినా ఏదీ ఆగదు. అయితే ఆ అప్పగింతకు యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు గుర్తుగా రహస్య నంబరు ఆయన ఫోనుకు వస్తుంది. ఆ ఫోన్ కాజీపేటలో ఆమె దగ్గరుంది. ఇంతకాలమూ ఆమె దానికి రీఛార్జ్ చేయిస్తూనే ఉంది.

ఏడాది నిండడానికి ఎంతో దూరం లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. జనరల్ మేనేజర్ గారికి చెప్పలేదు. చెబితే చూద్దాం అంటారు.

ఇంట్లో తల్లీ కూతురూ ఉన్నారు. వాకిట్లో ఆయన బండి, సీటు మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి ఉంది. ఆయన ఫోన్ లోపల బియ్యం డబ్బా మీద చార్జింగ్‌లో ఉంది. ఆమె చాయ్ పెట్టింది. నేను ల్యాప్‌టాప్ తెరిచాను గానీ నోరు తెరవలేకపోయాను.

"చూడమ్మా" అన్నాను చివరికి. "బిడ్డ నౌకరీ కాగితం మీద నేను సంతకం పెట్టాల్నంటే ఆయన పేరు మీద ఉన్నదంత బంద్ చెయ్యాలె. చేస్తే రేపటి సంది పొద్దుటి మెయిల్ రాదు."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. కూతురు మెల్లగా, "మమ్మీ, అది మిషన్ పంపేదే గదా" అంది.

"నాకెరుక లేదానే?" అంది తల్లి. తర్వాత నా వైపు తిరిగింది. "మిషనని ఎరుకే వదినె. ఆ దినం గూడ అబద్ధం చెప్పిందని ఎరుకే. అయినా రోజు పొద్దుగాల పేరు కనవడ్తది గదా. కనవడ్డప్పుడు ఒక్క నిమిషం ఆయన ఆడ కూసున్నట్టే ఉంటది. అటెన్క యాదికొస్తది."

నేను ల్యాప్‌టాప్ మూసేయబోయాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఉద్యోగమూ వద్దు, సంతకమూ వద్దు, లేచి వెళ్లిపోదామనిపించింది.

"వద్దనుకుంటే చెప్పమ్మా. నేను ఇంకో తొవ్వ ఏదన్న చూస్త." ఇంకో దారి లేదని నాకు తెలుసు.

ఆమె కాసేపు బియ్యం డబ్బా మీదున్న ఫోన్ వంక చూసింది. బయట ఏదో రైలు కూత వేసుకుంటూ పోయింది.

"బంద్ చెయ్యుండ్రి వదినె" అంది. "సచ్చిపోయినోనితోటి ఇంకెన్ని దినాలు చాకిరీ చేయించుకుంటరు? జీతం లేదు, సెలవు లేదు. దసరాకు గూడ పనిచేసిండు."

ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాను.

మీట నొక్కాను. బియ్యం డబ్బా మీద ఫోన్ చిన్నగా మోగింది. ఆమె లేచి వెళ్లి, తీగ పీకి, ఫోన్ దూరంగా పట్టుకుని ఒక్కొక్క అంకె కూడబలుక్కుంటూ చదివింది. నేను టైపు కొట్టాను. అప్పగింత పూర్తయిందని తెర మీద పడింది. కొత్త ఖాతా పేరు మీద టోకెన్ తీసి, ఆయన ప్రోగ్రాంలో పెట్టి, డాష్‌బోర్డును తాజా చేయమని ఏపీఐని అడిగాను. అభ్యర్థన అందిందని వెంటనే జవాబు వచ్చింది.

ఇక్కడ పిల్లలకు ఒక మాట. అందింది అంటే అయింది అని కాదు. అర్జీ తీసుకుని ముద్ర వేసినంత మాత్రాన పని జరిగిపోదని ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతివాడికీ తెలుసు, కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మరిచిపోతాం. పని పూర్తయిందా అని మళ్లీ మళ్లీ అడగాలి. నేను అడుగుతూ కూర్చున్నాను. ఇంకా నడుస్తోంది, ఇంకా నడుస్తోంది అని చెబుతూ వచ్చింది. చివరికి పూర్తయింది. అప్పుడు ఆయన లాగిన్ మూసేశాను.

ఇంకో పని మిగిలింది. మెయిల్ జాబితా తెరిచి ఆమెను అడిగాను, "కొత్త పేరు మీద వస్తది. నీకు పంపాల్నా?"

"ఎవలిదో పేరు మీద నాకెందుకు వదినె? పాల లెక్కలు నేనేం చేసుకుంట?"

మొదటి వరుస తీసేశాను. జనరల్ మేనేజర్ గారు పైకి వచ్చారు.

సోమవారం సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, కాగితాలు నేనే స్వయంగా అందజేసి ముద్ర వేయించాను. మెయిల్ కూడా వేళకు వచ్చింది, డెయిరీ పేరుతో. పంపినవారి పేరు మారిందని ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. చివరికి నేనే వెళ్లి జనరల్ మేనేజర్ గారికి చెప్పాను. అనుమతి లేకుండా చేసినందుకు మెమో ఇచ్చారు. జవాబు రాసి ఇచ్చాను. తనిఖీకి వచ్చినవాళ్లు బొమ్మలు చూసి రంగులు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లారు.

ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. మా సెక్షన్లోనే వేశారు, తండ్రి కుర్చీలో. నాకది నచ్చలేదు, వేరే చోట వేయమని అడిగాను, వినలేదు. నాయన బండి మీద కప్పిన పాత చీర తీసేసి, దాని మీదే వచ్చేది. నేను రిటైరయ్యేదాకా ఆ కొన్ని నెలలూ ఆమె ఎదుటే కూర్చున్నాను. ఒక్కసారి కూడా తిట్టలేకపోయాను. డెయిరీలో అందరూ నాకు ఆరోగ్యం బాగా లేదనుకున్నారు.

ఆ పిల్ల కూడా పొద్దున చేరగానే ఇంటికి కబురు చెప్పాలి. మెసేజ్ పెడితే తల్లి ఒప్పుకోదు. ఫోన్ చేయాలి. గొంతు వినిపించినా చాలదు, దారిలో ఎక్కడి నుంచైనా మాట్లాడొచ్చు కదా అంటుంది.

అందుకని ఆ పిల్ల హెల్మెట్ తీయకముందే ఫోన్ కలిపి, "చేరిన మమ్మీ" అని చెప్పి, కిటికీ తెరిచేది. కింద పల్లెల నుంచి వచ్చిన క్యాన్లు దించుతుంటారు. ఫోన్ పట్టుకున్న చేతిని కిటికీ బయటికి చాపి, ఆ క్యాన్ల చప్పుడు అవతల ఆమెకు వినిపించేదాకా అలాగే నిలబడేది.